రెండు ఫైళ్లు, ఒకే రోడ్డు: ప్రభుత్వ ఇళ్ల మీద ప్లానింగ్ బోర్డు అసలు ఏం తేలుస్తుంది?

ఒక నగర ప్లానింగ్ బోర్డు అజెండాలో రెండు అంశాలు ఉన్నాయనుకుందాం. మొదటిది, పెద్ద రోడ్డు పక్కనున్న ఖాళీ స్థలంలో 200 ప్రభుత్వ అద్దె ఇళ్లు కట్టడం. రెండోది, అదే రోడ్డు మీద వేగ పరిమితిని గంటకు 50 కిలోమీటర్ల నుంచి 30కి తగ్గించి, మధ్యలో మనుషులు దాటడానికి ఒక క్రాసింగ్ పెట్టడం. ఇళ్ల మీద మాట్లాడటానికి వచ్చినవాళ్లలో చాలామంది ట్రాఫిక్ గురించే మాట్లాడతారు. రోడ్డు మీద మాట్లాడటానికి వచ్చినవాళ్లు ఇళ్ల ఊసే ఎత్తరు. ఓటింగ్ అయ్యాక ఎవరి మాట నెగ్గిందో తెలుస్తుంది. ఏం తేలిందో మాత్రం చాలామందికి అర్థం కాదు.

ఆ రెండు ఫైళ్లను విడివిడిగా చదివితే రెండూ సగమే అర్థమవుతాయి. ఇళ్లు ఎక్కడ కడతామన్నదే రేపు ఆ రోడ్డును ఎవరు, ఎన్నిసార్లు, కాలినడకన దాటాలో నిర్ణయిస్తుంది. ఆ లెక్క మాత్రం రెండు ఫైళ్లలోనూ చాలాసార్లు కనిపించదు.

బోర్డు చేతిలో ఉన్నదెంత, లేనిదెంత

పేరు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది: బోర్డు, కమిషన్, కమిటీ. అమెరికా నగరాల్లో సాధారణంగా నియమితులైన పౌరులు కూర్చుంటారు, ఇంగ్లండ్‌లో ఎన్నికైన కౌన్సిలర్లే కమిటీగా కూర్చుంటారు. పని మాత్రం రెండు రకాలు. ఒకటి, సలహా చెప్పడం. మాస్టర్ ప్లాన్ మార్పు, జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టవచ్చో చెప్పే నిబంధనల) మార్పు లాంటివాటిలో బోర్డు సిఫారసు చేస్తుంది, ఆఖరి మాట నగర పాలకమండలిది. రెండోది, తీర్పు లాంటిది. వచ్చిన దరఖాస్తు రాసి ఉన్న నిబంధనలకు సరిపోతుందా లేదా అని తేల్చడం.

ఈ రెండో పనిలోనే జనానికి నిరాశ ఎదురవుతుంది. హాలు నిండా మనుషులు వచ్చి వద్దన్నా, నిబంధనలకు సరిపోయిన దరఖాస్తును బోర్డు ఊరికే తిరస్కరించలేదు. తిరస్కరిస్తే కోర్టులో నిలవదు. అందుకే సభ్యులు “మీ బాధ అర్థమైంది” అంటూనే అవునని ఓటేస్తుంటారు. అది నటన అనుకోనక్కర్లేదు. వాళ్ల ముందున్న ప్రశ్న అంత ఇరుకైనది.

ఇంకో చిక్కు, అధికారం ముక్కలై ఉండటం. ఇళ్లు కట్టేది గృహనిర్మాణ సంస్థ. రోడ్డు చాలాసార్లు రాష్ట్ర లేదా జాతీయ స్థాయి శాఖది. సిగ్నల్ పెట్టేది ఇంకో విభాగం, బస్సు నడిపేది మరో సంస్థ. స్థలాన్ని ఎలా వాడుకోవాలో బోర్డు చెప్పగలదు. రోడ్డు మీద ఒక తెల్లగీత కూడా సొంతంగా గీయలేదు.

ప్రభుత్వ ఇళ్లంటే అందరికీ ఒకే బొమ్మ గుర్తురాదు

ప్రభుత్వం లేదా ప్రభుత్వ సంస్థ సొంతంగా కట్టి, ఆదాయాన్ని బట్టి అద్దెకో లీజుకో ఇచ్చే ఇళ్లను స్థూలంగా ప్రభుత్వ ఇళ్లు అంటాం. ప్రైవేటు బిల్డర్ తన భవనంలో కొన్ని ఇళ్లను తక్కువ అద్దెకు ఇవ్వాలనే షరతు వేరు, ఇది వేరు. చర్చల్లో రెండింటినీ కలిపేస్తుంటారు.

ఆస్ట్రియా రాజధాని వియన్నా నగరపాలక సంస్థకు సొంతంగా సుమారు 2 లక్షల 20 వేల ఇళ్లున్నాయి. అక్కడి జనాభాలో దాదాపు సగం నగర ఇళ్లలోనో, ప్రభుత్వ సాయంతో పరిమిత లాభానికి కట్టిన ఇళ్లలోనో ఉంటారు. సింగపూర్‌లో 1960లో పెట్టిన హౌసింగ్ బోర్డు కట్టిన ఇళ్లలో ప్రతి నలుగురిలో ముగ్గురికి పైగా ఉంటారు, ఎక్కువ మంది 99 ఏళ్ల లీజు మీద సొంతదారులుగా. ఆ నగరాల్లో ప్రభుత్వ ఇల్లు అంటే పేదల ఇల్లు అని ఎవరూ అనుకోరు.

అమెరికాలో గుర్తొచ్చే బొమ్మ వేరు. సెయింట్ లూయిస్‌లోని ప్రూయిట్-ఐగో సముదాయంలో 11 అంతస్తుల భవనాలు 33. 1954లో జనం చేరడం మొదలైంది, 1972లో కూల్చడం మొదలైంది. ప్రభుత్వ ఇళ్లు విఫలమవుతాయనేవాళ్లు దీన్నే చూపిస్తారు. పేదరికాన్ని ఒక్కచోట పోగేస్తే ఏమవుతుందో చూడండి అంటారు, ఆ ఆందోళనలో నిజం ఉంది. అవతలివాళ్లు చూపించే కారణాలూ నిజమే. మరమ్మతుల ఖర్చంతా కిరాయిదారుల అద్దెల నుంచే రావాలన్న ఏర్పాటు ఉండేది. ఆ నగర జనాభా 1950లో సుమారు 8 లక్షల 57 వేలు ఉండగా 1970 నాటికి 6 లక్షల 22 వేలకు పడిపోయింది. ఇళ్లు ఖాళీ అవుతుంటే అద్దె తగ్గింది, అద్దె తగ్గితే మరమ్మతులు ఆగాయి. భవనాల ఆకారాన్ని ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టడం తేలిక, సరైనది మాత్రం కాదు.

ఎక్కడ కట్టాలి అన్నదగ్గరే అసలు పేచీ

కట్టాలా వద్దా అన్న ప్రశ్న మీద చాలామంది పైకి ఒప్పుకుంటారు. ఎక్కడ అన్నదగ్గరే మాట మారుతుంది. షికాగోలో ప్రభుత్వ ఇళ్లను నల్లజాతి వాడల్లోనే కడుతూ పోయారంటూ 1966లో మొదలైన కేసు, 1976లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పరిష్కారాన్ని నగర హద్దు దాటి శివారు ప్రాంతాలకూ విస్తరించవచ్చని కోర్టు చెప్పింది. ఫ్రాన్స్ 2000లో ఏకంగా చట్టమే చేసింది. పెద్ద పట్టణ ప్రాంతాల్లోని మునిసిపాలిటీలు తమ ఇళ్లలో 20 శాతం సామాజిక గృహాలు, అంటే తక్కువ అద్దె ఇళ్లు, ఉంచాలి, 2013లో చాలాచోట్ల దాన్ని 25 శాతం చేశారు. కొన్ని సంపన్న మునిసిపాలిటీలు ఇళ్లు కట్టడానికి బదులు జరిమానా కట్టడమే మేలనుకున్నాయి.

ఇక్కడే రోడ్డు కథలోకి వస్తుంది. చాలా నగరాల జోనింగ్‌లో లోపలి ప్రశాంతమైన వీధులు విడి ఇళ్లకు, పెద్ద రోడ్ల పక్క స్థలాలు అపార్ట్‌మెంట్లకు కేటాయించి ఉంటాయి. బస్సు దగ్గర, దుకాణాలు దగ్గర, స్థలం పెద్దది అని దానికి మంచి కారణాలే చెబుతారు. కానీ ఫలితం ఏమిటి? కారు లేనివాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు ఎక్కువగా ఉండే ఇళ్లు సరిగ్గా వాహనాలు అన్నిటికంటే వేగంగా పోయే రోడ్ల మీదికి వచ్చి చేరతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో రోడ్డు ప్రమాదాల్లో ఏటా చనిపోతున్నవారు సుమారు 11 లక్షల 90 వేలు. వారిలో సగానికి పైగా పాదచారులు, సైకిళ్ల మీద, మోటారు సైకిళ్ల మీద వెళ్లేవాళ్లే.

“ట్రాఫిక్ పెరిగిపోతుంది”: ఈ అభ్యంతరంలో నిజమెంత

బహిరంగ విచారణలో “పేదవాళ్లు మా పక్కన వద్దు” అని ఎవరూ అనరు. అన్నా బోర్డు దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. ట్రాఫిక్ మాత్రం చట్టం ఒప్పుకునే అభ్యంతరం. కాబట్టి రకరకాల అసంతృప్తులు ట్రాఫిక్ భాష నేర్చుకుంటాయి. అంతమాత్రాన ట్రాఫిక్ అన్నవాళ్లంతా సాకు చెబుతున్నారనుకోవడం కూడా పొరపాటే. లెక్క వేసి చూద్దాం.

200 ఇళ్ల నుంచి రద్దీ గంటలో ఇంటికి సగటున 0.4 చొప్పున వాహనాల రాకపోకలు అనుకుంటే 80. దగ్గరున్న కూడలి గంటకు 2,000 వాహనాలను పంపగలదనుకుందాం. ఇప్పుడు 1,200 వస్తున్నాయంటే కూడలి 60 శాతం నిండింది, ఇళ్లు వచ్చాక 64 శాతం. సాదా క్యూ సూత్రం ప్రకారం కూడలి దగ్గర సగటు వరస 1.5 వాహనాల నుంచి 1.8కి పోతుంది, ఎవరికీ తేడా తెలియదు. అదే ఇప్పటికే 1,800 వస్తుంటే? 90 శాతం కాస్తా 94 అవుతుంది. అప్పుడు వరస 9 నుంచి దాదాపు 16కి పోతుంది. పెరిగినవి అవే 80 వాహనాలు. నిజమైన సిగ్నల్ కూడలి ఇంత సరళంగా నడవదు గానీ, తీరు ఇదే. కాబట్టి 80 వాహనాలు ఎక్కువా తక్కువా అని వాదించుకోవడంలో అర్థం లేదు. ఆ కూడలి ఇప్పుడెంత నిండి ఉందన్నదే ప్రశ్న.

ఈ ఆలస్యాన్ని కొలవడానికి ఇంజినీర్లు ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడులు ఇస్తారు. దీన్ని లెవెల్ ఆఫ్ సర్వీస్ అంటారు. ఈ కొలత సాధారణంగా ఎవరి ఆలస్యాన్ని లెక్కిస్తుందో గమనించాలి: వాహనంలో కూర్చున్నవాళ్లది. రోడ్డు పక్కన దాటడానికి నిలబడ్డ మనిషి ఎంతసేపు ఆగాడన్నది ఆ గ్రేడులో లేదు. పైగా గ్రేడు బాగుపడాలంటే రోడ్డుకు లేన్లు పెంచాలి, మలుపులు వెడల్పు చేయాలి. అంటే దాటాల్సిన దూరం పెరుగుతుంది, వాహనాలు మలుపు దగ్గర కూడా వేగం తగ్గించవు. ఇళ్ల వల్ల వచ్చే ట్రాఫిక్ సమస్యకు పరిష్కారం అనుకున్నదే ఆ ఇళ్లలోని వాళ్లకు ప్రమాదం అవుతుంది. కాలిఫోర్నియా 2013లో చట్టం చేసి, 2020 జులై నుంచి పర్యావరణ సమీక్షలో ఈ ఆలస్యం కొలతను పక్కనపెట్టింది. దాని బదులు, ప్రాజెక్టు వల్ల మొత్తం మీద వాహనాలు ఎన్ని మైళ్లు తిరగాల్సి వస్తుందో చూస్తారు. బస్సు దగ్గరున్న ఇళ్లకు ఇది మేలు చేసింది. కూడలి నిజంగానే కిక్కిరిసిన చోట రోజూ ఇరుక్కునేవాళ్ల కష్టం ఈ కొత్త కొలతలో కనిపించదన్న విమర్శకూ బలం ఉంది.

30కీ 50కీ మధ్య తేడా ఎంత పెద్దది

వేగం తగ్గించమంటే “20 కిలోమీటర్ల తేడాకు ఇంత గొడవా” అంటారు. అడ్డుగా ఒక పిల్లవాడు 14 మీటర్ల దూరంలో రోడ్డు మీదికి వచ్చాడనుకోండి. డ్రైవరు చూసి బ్రేకు మీద కాలు వేయడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. 30 వేగంలో ఆ సెకనులో బండి 8.3 మీటర్లు పోతుంది, పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు పడితే మరో 5 మీటర్లలో ఆగుతుంది. మొత్తం 13.3. పిల్లవాడికి తగలదు. 50 వేగంలో ఆ ఒక్క సెకనులోనే 13.9 మీటర్లు అయిపోతాయి. అంటే బ్రేకు పడే సరికే పిల్లవాడి దగ్గర ఉంటుంది, దాదాపు పూర్తి వేగంతో. ఆగడానికి మొత్తం 27 మీటర్లకు పైగా కావాలి.

తగిలాక ఏమవుతుందన్నది రెండో లెక్క. అమెరికా ప్రమాదాల మీద 2011లో వచ్చిన అధ్యయనం ప్రకారం, పాదచారి చనిపోయే అవకాశం తగిలిన వేగం 37 కిలోమీటర్లయితే సగటున 10 శాతం, 51 అయితే 25 శాతం, 68 అయితే 50 శాతం. ముసలివాళ్లకు ఇంకా ఎక్కువ.

1997లో స్వీడన్ పార్లమెంటు ఆమోదించిన విజన్ జీరో విధానానికి ఆధారం ఇదే. మనుషులు పొరపాటు చేస్తారు, చేస్తూనే ఉంటారు, ఆ పొరపాటు ప్రాణం తీయని విధంగా రోడ్డు ఉండాలి అన్నది దాని వాదం. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో సగానికి పైగా వీధుల్లో పరిమితి 30. 2025 జులైతో ముగిసిన 12 నెలల్లో అక్కడ రోడ్డు ప్రమాదంలో ఒక్కరూ చనిపోలేదు. దానికి కారణం వేగ పరిమితి బోర్డుల మీద అంకె మార్చడం ఒక్కటే కాదు. రోడ్లు ఇరుకు చేశారు, కెమెరాలు పెట్టారు, బస్సులు, ట్రాములు బాగున్నాయి.

వ్యతిరేకించేవాళ్ల మాటలోనూ పస ఉంది. బ్రిటన్‌లోని వేల్స్ 2023 సెప్టెంబరులో జనావాసాల రోడ్ల మీద సాధారణ పరిమితిని గంటకు 20 మైళ్లు (సుమారు 32 కిలోమీటర్లు) చేస్తే, రద్దు చేయాలన్న పిటిషన్ మీద 4 లక్షల 50 వేలకు పైగా సంతకాలు పడ్డాయి. మరుసటి ఏడాది కొన్ని రోడ్లను 30 మైళ్లకు (సుమారు 48 కిలోమీటర్లకు) వెనక్కి మార్చుకోవడానికి వీలిచ్చారు. నాలుగు లేన్లు, సూటి రోడ్డు, అక్కడ 30 కిలోమీటర్లని బోర్డు పెడితే ఎవరూ పాటించరు, పాటించినవాడి వెనక హారన్లు మోగుతాయి. స్పీడ్ బ్రేకర్లు వేస్తే అంబులెన్సులు, అగ్నిమాపక వాహనాలు నెమ్మదిస్తాయి. పెద్ద బండి చక్రాలు అటూ ఇటూ పోయేలా మధ్యలో మాత్రమే ఎత్తు ఉండే స్పీడ్ కుషన్లు దీనికి కొంత సమాధానం. ఇక బస్సు. ఒక కిలోమీటరుకు 50 వేగంలో 72 సెకన్లు, 30లో 120 సెకన్లు. పొడవైన మార్గంలో ఈ 48 సెకన్లు కూడుతూ పోతాయి, నష్టపోయేవాళ్లలో ఆ ప్రభుత్వ ఇళ్లవాళ్లే ఉంటారు. ఊళ్లోని రద్దీలో బస్సు నిజంగా 50తో నడిచేది ఎంతసేపన్నది కూడా చూడాలనుకోండి.

దాటేవాళ్లు లేరు కాబట్టి క్రాసింగ్ వద్దట

ఈ మొత్తం చిక్కులో నాకు అన్నిటికంటే విడ్డూరంగా అనిపించేది ఇది. సిగ్నల్ లేదా క్రాసింగ్ పెట్టాలంటే చాలాచోట్ల అర్హత లెక్కలుంటాయి. ఆ చోట గంటకు ఇంతమంది దాటుతుండాలి, లేదా ఇన్ని ప్రమాదాలు జరిగి ఉండాలి. అమెరికాలో ఏళ్ల తరబడి అమలైన 2009 నాటి జాతీయ ప్రమాణాల్లో, ప్రమాదాల కారణంగా సిగ్నల్ పెట్టాలంటే 12 నెలల్లో కనీసం 5 ప్రమాదాలు నమోదై ఉండాలన్నది ఒక షరతు. ఉద్దేశం చెడ్డది కాదు. అవసరం లేని సిగ్నళ్లు పెడితే డబ్బు దండగ, జనం ఎర్రలైటును లెక్కచేయడం మానేస్తారు.

కానీ మన ఉదాహరణలో ఆ స్థలం ఖాళీగా ఉంది. ఎవరూ దాటడం లేదు, ఎవరూ చనిపోలేదు. లెక్క ప్రకారం క్రాసింగ్ అక్కర్లేదు. ఇళ్లు వచ్చాక? 200 ఇళ్లలో 500 మంది, వాళ్లలో 150 మంది పొద్దున్నే అవతలివైపు బస్‌స్టాపుకు వెళ్లి సాయంత్రం తిరిగొస్తారు. రోజుకు 300 సార్లు, ఏడాదికి 300 రోజులనుకున్నా 90,000 సార్లు ఆ రోడ్డు దాటుతారు. దగ్గరి సిగ్నల్ 400 మీటర్ల అవతల ఉంటే, అక్కడిదాకా పోయి ఎదురుగా ఉన్న స్టాపుకు తిరిగి రావడానికి 800 మీటర్లు, పది నిమిషాల నడక. బస్సు కనిపిస్తుండగా ఎవరు పోతారు? మధ్యలోంచే దాటుతారు. ఆ తర్వాత జరిగినదానికి పోలీసు రికార్డులో పాదచారి నిర్లక్ష్యం అని కారణం రాస్తారు.

దీనికి తోడు ఒక గణాంకాల చిక్కు కూడా ఉంది. ఏదో ఒక్క చోట జరిగే ప్రమాదాల సంఖ్య చిన్నది. ఒక ఏడాది రెండు మరణాలు, తర్వాతి ఏడాది సున్నా అంటే ఏ మార్పూ చేయకపోయినా అలా జరగవచ్చు. మరణాలు జరిగిన వెంటనే ఏదో ఒకటి చేసి, తర్వాత తగ్గాయని చప్పట్లు కొట్టుకునే నివేదికలను అందుకే జాగ్రత్తగా చదవాలి. వేగం, త్రుటిలో తప్పిన ప్రమాదాలు, దాటడానికి ఆగే సమయం లాంటివి ముందుగానే కొలవవచ్చు, ఎవరూ చావనక్కర్లేదు.

పార్కింగ్ ఎక్కడికి పోతుంది

ఇంటికి 1.5 పార్కింగ్ చోట్లు ఉండాలని నిబంధన ఉంటే 200 ఇళ్లకు 300. దారితో కలిపి ఒక్కోదానికి 28 చదరపు మీటర్లనుకుంటే 8,400 చదరపు మీటర్లు, రెండెకరాల పైమాటే. ఇంటికి సగం చొప్పున చాలనుకుంటే 2,800. మిగిలే చోటులో ఇంకా ఇళ్లు కట్టవచ్చు, పిల్లలు ఆడుకునే స్థలం వదలవచ్చు. అమెరికాలో బఫలో 2017లో, మినియాపోలిస్ 2021లో ఇలాంటి కనీస పార్కింగ్ నిబంధనలను తీసేశాయి. పక్క వీధివాళ్ల భయం మాత్రం ఊహ కాదు. లోపల చోటు లేకపోతే బండ్లు వీధి మూలల దాకా వస్తాయి, మూల దగ్గర బండి ఆగి ఉంటే దాటే మనిషి డ్రైవరుకు కనపడడు. న్యూజెర్సీలోని హోబొకెన్ పట్టణం ఈ మూలల మీదే దృష్టి పెట్టింది, కూడళ్ల దగ్గర పార్కింగ్ తీసేసి చూపు అడ్డులేకుండా చేసింది. 2017 జనవరి తర్వాత ఏడేళ్ల పాటు అక్కడ రోడ్డు ప్రమాద మరణం లేదు.

షరతుతో అనుమతి: ఖర్చు ఎవరిది

బోర్డుకు సాధారణంగా దొరికే మధ్యేమార్గం షరతులతో కూడిన అనుమతి. ఇళ్లు కట్టుకోండి, క్రాసింగ్ కూడా మీరే కట్టించండి అనవచ్చు. దీనికి హద్దు ఉంది. ప్రాజెక్టు వల్ల కలిగే ప్రభావానికి సంబంధం ఉన్న షరతే పెట్టాలి, అది ఆ ప్రభావానికి తగ్గ మోతాదులో ఉండాలి అని అమెరికా సుప్రీంకోర్టు 1987, 1994 తీర్పుల్లో చెప్పింది. 2024 ఏప్రిల్‌లో ఒక కాలిఫోర్నియా కేసులో, ఒక్క ఇంటికి వేసిన 23,420 డాలర్ల ట్రాఫిక్ ఫీజు మీద విచారణ జరిపి, చట్టసభ ఖరారు చేసిన ఫీజుకైనా ఇదే పరీక్ష వర్తిస్తుందని తేల్చింది. అంటే ఎన్నో ఏళ్లుగా వదిలేసిన రోడ్డు లోపాలన్నీ కొత్తగా వచ్చిన ప్రాజెక్టు నెత్తిన రుద్దడానికి వీల్లేదు.

ప్రభుత్వ ఇళ్ల విషయంలో ఇంకో మెలిక. ప్రైవేటు బిల్డర్ అయితే ఖర్చు లాభంలోంచి తగ్గుతుంది, లేదా ధరలో కలుస్తుంది. గృహనిర్మాణ సంస్థ బడ్జెట్ మొదటే ఖరారై ఉంటుంది. సిగ్నల్ ఖర్చు వేస్తే కొన్ని ఇళ్లు తగ్గుతాయి. వేయకపోతే రోడ్డు శాఖ వంతు వచ్చేదాకా ఆగాలి. ఇళ్లు కావాలనేవాళ్లు షరతులన్నీ ప్రాజెక్టును చంపే ఎత్తుగడలంటారు. రోడ్డు భద్రత కోరేవాళ్లు షరతు లేకుండా ఒప్పుకుంటే ఆ పని ఎప్పటికీ జరగదంటారు. ఇద్దరి అనుభవమూ నిజమే కావడం వల్లే ఈ వాదన తెగదు.

కాబట్టి బోర్డు తీర్మానం చదివేటప్పుడు ఆమోదం, తిరస్కరణ అన్న మాటల కంటే తేదీలు చూడాలి. “ఇళ్లలోకి జనం చేరేలోగా క్రాసింగ్ పూర్తికావాలి” అని ఉందా, “పరిశీలించాలి” అని ఉందా? మొదటిదానిలోనూ ప్రమాదం ఉంది. రోడ్డు శాఖ ఆలస్యం చేస్తే 200 ఇళ్లు తాళాలతో ఉంటాయి, బయట దరఖాస్తుదారులు వరసలో ఉంటారు. అందుకే కొన్ని నగరాలు శాశ్వత పని పూర్తయ్యేలోగా రంగు గీతలు, ప్లాస్టిక్ స్తంభాలు, తాత్కాలిక సిగ్నల్‌తో లేన్లు తగ్గించి, దాటే దారి ఏర్పాటు చేస్తున్నాయి. ఈ తాత్కాలిక పనికి ఖర్చు తక్కువ, నెలల్లోనే పూర్తవుతుంది, తేడా చేస్తే తీసేయవచ్చు. కానీ దానికీ రోడ్డు సొంతదారు శాఖ సంతకం కావాలి. ఆ సంతకం ఫైలులో ఉందా లేదా అన్నది విచారణ రోజునే అడగదగిన ప్రశ్న.